పిండి కడిగినా పోని తెలుపు

ధనుర్మాసంలో మా ఇంట్లో తెల్లారకముందే కళ్లాపి చల్లి ముగ్గేయాలి. పశ్చిమ గోదావరి చలి కూడా ఒక చలేనా అని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పటికి నాకు తెలిసిన చలి అదొక్కటే. డిగ్రీ రెండో ఏడాది, సెలవులకి ఇంటికొచ్చాను. బియ్యప్పిండితో పదిహేను చుక్కల ముగ్గు పూర్తిచేసి, రాత్రి నింపి ఉంచిన తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. కుడిచేతి మధ్యవేలికీ ఉంగరపువేలికీ పిండి ఎంతకీ వదలడం లేదు. రెండోసారి రుద్దాక తెలిసింది, అది పిండి కాదని. రెండో కణుపు దాకా వేళ్లే తెల్లబడిపోయి కొవ్వొత్తి ముక్కల్లా ఉన్నాయి. గిల్లి చూశాను, నొప్పి లేదు.

అమ్మకి చూపిద్దామని వంటింట్లోకి పరిగెత్తాను. ఆవిడ పొయ్యి మీద పాలు దించి, చెయ్యి తుడుచుకుని, కళ్లజోడు వెతుక్కుని నా దగ్గరికి వచ్చేసరికి పొయ్యి సెగకి వేళ్లు నీలంగా తిరిగి, ఆ వెంటనే ఎర్రబడ్డాయి. సూదులతో గుచ్చినట్టు ఒకటే చురుకులు. "ఏముందే? ఎర్రగా నిక్షేపంలా ఉన్నాయిగా" అంది అమ్మ. పాలు మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

తర్వాత పదిహేనేళ్ల పాటు ఈ వేళ్లు నాతో ఆడిన ఆట ఇదే. ఎవరికైనా చూపించేలోపు మామూలైపోయేవి.

చాలాకాలం నేనూ పెద్దగా పట్టించుకోలేదు. ఏడాదికి నాలుగైదు సార్లు, అదీ డిసెంబర్, జనవరిలో. ఐస్‌క్రీమ్ కప్పు పట్టుకుంటే ఒకసారి, ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీస్తే ఒకసారి. చలికి చేతులు కొంకర్లు పోవడం అందరికీ ఉన్నదే కదా అనుకునేదాన్ని. బ్యాంకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది. 2020లో మైగ్రేన్ తలనొప్పి ఎక్కువై రోజూ ఒక మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాను. 2021 జూన్‌లో ఆదిలాబాద్‌కి బదిలీ అయింది. ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి రావడం వల్ల అసలు దొంగ ఎవరో కనిపెట్టడానికి చాలా రోజులు పట్టింది.

ఆదిలాబాద్ జిల్లా చలి గురించి విన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. జనవరి తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగడం అక్కడ మామూలే. మేలో మళ్లీ 44, 45 డిగ్రీలు. నా పని క్యాష్ కౌంటర్‌లో. నెత్తి మీదే ఏసీ. మొదటి చలికాలం నవంబర్‌లోనే మొదలైంది, రోజుకి రెండు మూడు సార్లు. చలికాలం పోతే పోతుందిలే అనుకున్నాను. మే నెల వచ్చింది, బయట రోడ్డు మీద తారు కరుగుతోంది, లోపల నా వేళ్లు తెల్లగా మొద్దుబారి ఉన్నాయి. బయట ఎండకి తాళలేక లోపలికొచ్చిన జనం ఏసీ ఇంకా పెంచమంటారు. నేనేమో చున్నీలో చేతులు దాచుకుని కూర్చుంటాను.

క్యాషియర్ చేతులకి శత్రువులు ఎన్నో అప్పుడే తెలిసింది. నోట్లు లెక్కపెట్టడానికి పక్కన తడి స్పాంజి డబ్బా ఉంటుంది. దానికి వేలికొస అద్దడం, లెక్కపెట్టడం, మళ్లీ అద్దడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేళ్లు తడిగా ఉంటాయి, పైనుంచి ఏసీ గాలి తగులుతుంది. దానికి తోడు కరోనా రోజుల శానిటైజర్ అలవాటు. కస్టమర్ మారిన ప్రతిసారీ ఒక చుక్క. స్పిరిట్ చర్మం మీంచి ఆరిపోతూ వేడిని లాక్కుపోతుంది కదా, రాసుకున్న నిమిషంలోపే చూపుడువేలు పాలిపోయేది. స్పర్శ లేని వేళ్లతో నోటుకీ నోటుకీ తేడా ఏం తెలుస్తుంది? ఒక సాయంత్రం లెక్క వెయ్యి రూపాయలు తక్కువొచ్చింది. రెండు ఐదువందల నోట్లు అంటుకుని ఎవరికో వెళ్లిపోయి ఉంటాయి. తక్కువొస్తే క్యాషియర్ జేబులోంచే పెట్టుకోవాలి, పెట్టుకున్నాను. విచిత్రం ఏంటంటే, లెక్క తేలడం లేదని తెలిసిన ఆ పది నిమిషాల్లో ఏసీ ఆపేసి ఉన్నా నా వేళ్లు తెల్లబడ్డాయి. అంటే చలి ఒక్కటే కారణం కాదన్నమాట. అప్పుడది నా బుర్రకి తట్టలేదు.

హాజరు వేసే యంత్రం కూడా నా వేలిముద్ర తీసుకోవడం మానేసింది. పింఛను డబ్బు తీసుకోవడానికొచ్చిన ఒక గోండు అవ్వ, తన వేలిముద్ర పడక అవస్థపడుతూ, పక్కన నా అవస్థ కూడా చూసింది. "నావంటే పని చేసి చేసి అరిగిపోయినయ్ బిడ్డా, నీకేమొచ్చింది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం తిరగని చోటు లేదు. మొదట చూసినాయన కళ్ల కింద రెప్ప లాగి చూసి రక్తం తక్కువన్నారు. హిమోగ్లోబిన్ 11.6 ఉంది. మూడు నెలలు ఐరన్ మాత్రలు వాడాను. ఇంట్లో సరే, ఖర్జూరాలు, బీట్‌రూట్, బెల్లం పల్లీ ఉండలు. హిమోగ్లోబిన్ 12.8 అయింది, వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. రెండో ఆయన నరాల బలహీనత అని బీ12 రాశారు. మూడో చోట మెడ ఎక్స్‌రే తీసి, మెడ ఎముకలు అరుగుతున్నాయి, తలగడ లేకుండా పడుకోమన్నారు. పడుకున్నాను. మెడ నొప్పి లేని మనిషికి మెడ నొప్పి వచ్చింది. అత్తయ్య పాపం రోజూ రాత్రి నువ్వులనూనె గోరువెచ్చగా కాచి చేతులకి మర్దనా చేసేవారు. జబ్బు మాట అలా ఉంచితే, ఆ రోజుల్లో నాకు హాయిగా అనిపించిందల్లా ఆ మర్దనే.

ఏ డాక్టర్‌నీ నేను తప్పుపట్టలేను. వాళ్ల ముందు కూర్చునేసరికి నా చేతులు శుభ్రంగా ఉండేవి. గంట సేపు జనం మధ్య వెచ్చగా కూర్చున్న మనిషి లోపలికెళ్లి "డాక్టర్ గారూ, నా వేళ్లు తెల్లబడతాయండీ" అంటే ఏమనుకుంటారు? ఒకాయన "కొంచెం టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని పంపించేశారు. అందులో కొంత నిజం ఉందని తర్వాత తెలిసింది లెండి.

2022 డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే స్ట్రాంగ్‌రూమ్ తెరిచి క్యాష్ బయటికి తీస్తున్నాం. ఇనుప తలుపు పిడి పట్టుకుని వదిలానో లేదో ఎడమచేతి మూడు వేళ్లు మొదళ్ల దాకా తెల్లబడ్డాయి. మా అటెండర్ చూసి, "మేడమ్, గదేంది? వేళ్లకు సున్నం అంటిందా?" అన్నాడు. అంటలేదని చెప్పాను. "జర గట్లనే ఉంచుండ్రి" అని తన ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. ఆ తర్వాత నీలంగా మారినప్పుడు ఒకటి, ఎర్రబడ్డాక ఒకటి. మూడు ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. పదిహేనేళ్లలో నాకు రాని ఆలోచన అతనికి ఒక్క క్షణంలో వచ్చింది.

ఆ వారమే ఒక ఫిజీషియన్‌కి ఆ ఫొటోలు చూపించాను. ఆయన నా చెయ్యి కూడా అడగలేదు. తెలుపుకీ మామూలు చర్మానికీ మధ్య గీత గీసినట్టున్న హద్దు మీద వేలు పెట్టి, "ఇది రేనాడ్స్" అన్నారు. వింటున్న నాకు ఎవరిదో ఇంటిపేరులా అనిపించింది. నిజంగానే పేరే. మోరిస్ రేనాడ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లో తన సిద్ధాంత వ్యాసంలో దీన్ని వర్ణించాడు. ఫ్రెంచిలో ఆ పేరు 'రేనో' అని పలుకుతారు. మన డాక్టర్లంతా రేనాడ్స్ అనే అంటారు కాబట్టి నేనూ అదే అంటున్నాను.

ఆయన చెప్పింది నాకర్థమైనంతలో ఇది. చలేస్తే చర్మంలో రక్తనాళాలు కాస్త ముడుచుకోవడం ఎవరికైనా ఉండేదే, ఒంట్లో వేడి బయటికి పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు అది. నాలాంటివాళ్లకి ఆ ముడుచుకోవడం మితిమీరి, వేళ్లలోని సన్నటి ధమనులు దాదాపు మూసుకుపోతాయి. రక్తం రానప్పుడు తెలుపు. లోపల నిలిచిపోయిన కాస్త రక్తంలో ఆక్సిజన్ అయిపోతే నీలం. నాళాలు తెరుచుకుని రక్తం ఒక్కసారి పోటెత్తితే ఎరుపు, ఆ చురుకులు. చలికి ఆ ధమనుల్ని బిగించే నరాలే, భయపడినా, కంగారుపడినా కూడా బిగిస్తాయి. వెయ్యి రూపాయల సాయంత్రం గుట్టు అదీ. మన చామనఛాయ చర్మం మీద రంగులు అందరికీ ఇంత స్పష్టంగా కనబడవు కూడా, గోళ్ల కింద, అరచేతి వైపు చూడాలి అన్నారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "మామూలుగా ఇది చిన్నవయసులో మొదలై అలా ఉండిపోతుంది. మీకు ముప్పై దాటాక బాగా ముదిరింది కాబట్టి వెనక ఇంకేదైనా ఉందేమో చూడాలి" అని ఒంట్లో రోగనిరోధక శక్తి మన మీదే తిరగబడుతోందేమో సూచించే ఏఎన్ఏ అనే రక్తపరీక్ష రాశారు. నాలుగు రోజులకి రిపోర్ట్ వచ్చింది. పాజిటివ్, 1:80. హైదరాబాద్‌లో కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే రుమటాలజిస్ట్ అపాయింట్‌మెంట్ పదకొండు రోజుల తర్వాత.

ఆ పదకొండు రోజులు నేను చేయకూడని పనల్లా చేశాను. రాత్రి పాప పడుకున్నాక దుప్పట్లో ఫోన్ పెట్టుకుని వెతకడం. స్క్లెరోడెర్మా అనే మాట దొరికింది. చర్మం గట్టిపడి బిగుసుకుపోయే వ్యాధి, ఊపిరితిత్తులకీ పాకవచ్చు. ఆ వ్యాధి ఉన్నవాళ్లలో 90 శాతం పైగా జనానికి రేనాడ్స్ ఉంటుందని ఒక చోట చదివాను. ఆ వాక్యాన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, నాకు నూటికి తొంభై పాళ్లు అదే అని తీర్మానించేసుకున్నాను. అద్దం ముందు నోరు పెద్దగా తెరిచి చూసుకునేదాన్ని, మూతి బిగుసుకుంటోందేమోనని. వేళ్ల మీద చర్మం రోజుకి పదిసార్లు చిటికెతో పట్టి లాగి చూసేదాన్ని. మా ఆయన ఏమీ అనేవారు కాదు. రాత్రి లేచి చూస్తే ఆయన ఫోన్‌లోనూ అదే పేజీ.

కృష్ణా ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లారి సికింద్రాబాద్. ఆ డాక్టరమ్మ ముందు కూర్చోగానే ఫొటోలు తీసి బల్ల మీద పెట్టాను. అవి చూసి పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. బొటనవేలికి వస్తుందా? రాదు. రెండు చేతులకీ వస్తుందా? వస్తుంది. వేలికొసల మీద ఎప్పుడైనా పుండ్లు పడ్డాయా? లేదు. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుతైందా? లేదు. కీళ్ల నొప్పులు, ఎండకి వెళ్తే మొహం మీద దద్దుర్లు, నోరు ఎండిపోవడం, మింగడం కష్టం కావడం, గుండెల్లో మంట, గర్భస్రావాలు? ఏవీ లేవు. రాళ్లు కోసే యంత్రాలు, డ్రిల్లింగ్ మిషన్లు వాడతారా అని అడిగితే నవ్వొచ్చింది, నోట్లు లెక్కపెట్టే మిషన్ కూడా అదురుతుంది కదండీ అన్నాను. అది కాదులెండి అన్నారు. గంటలకొద్దీ చేతులు అదిరే పని చేసేవాళ్లకి కూడా ఇది వస్తుందట.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. లేదన్నాను గానీ, అనుమానం వచ్చి అక్కడినుంచే అమ్మకి ఫోన్ చేశాను. "మీ మేనత్తకి ఉండేదిగా! కార్తీక స్నానానికి గోదాట్లో దిగితే వేళ్లు చచ్చిపోయాయనేది. ఒడ్డుకొచ్చాక వొత్తి వెలిగించలేకపోయేది, మేమే వెలిగించి ఇచ్చేవాళ్లం" అంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పావా అమ్మా అంటే, "నువ్వు అడిగావా?" అంది.

తర్వాత ఆవిడ నా గోటి మొదట్లో చర్మం మీద ఒక నూనె చుక్క వేసి, చిన్న కెమెరా ఆనించారు. తెర మీద ఎర్రటి హెయిర్‌పిన్నులు వరుసగా నిలబెట్టినట్టు కనిపించాయి. అవి నా కేశనాళికలు. నా వేలి లోపలి రక్తాన్ని నేను చూడటం అదే మొదటిసారి, రిపోర్ట్ సంగతి మర్చిపోయి అలా చూస్తుండిపోయాను. స్క్లెరోడెర్మా లాంటి వ్యాధుల్లో ఈ పిన్నులు ఉబ్బిపోతాయి, చిట్లుతాయి, వరుసలో ఖాళీలు పడతాయి. నావి దువ్వెన పళ్లలా ఉన్నాయన్నారు. మరి ఏఎన్ఏ పాజిటివ్? 1:80 లాంటి తక్కువ స్థాయి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనిపిస్తూనే ఉంటుంది, దాన్నొక్కదాన్నే పట్టుకుని జబ్బు అనరు. నా 90 శాతం లెక్క చెప్పాను. మీదే ఊరమ్మా అని అడిగారు. భీమవరం పక్కన అన్నాను. "భీమవరం వాళ్లంతా రొయ్యలు తింటారనుకోండి. రొయ్యలు తినేవాళ్లంతా భీమవరం వాళ్లేనా?" అన్నారు. పదకొండు రాత్రుల నిద్ర ఆ రొయ్యల దగ్గర తిరిగొచ్చింది నాకు.

ఆఖర్న, రోజూ ఏం మందులు వాడతారని అడిగారు. మైగ్రేన్ రాకుండా ప్రొప్రనొలాల్ అన్నాను. ఆవిడ కలం కింద పెట్టి, ఎప్పటినుంచి అన్నారు. 2020 నుంచి. ఆ మాత్ర కొందరిలో చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గిస్తుంది, రేనాడ్స్ ఉన్నవాళ్లకి ముదరవచ్చు. అంతకుముందు చూసిన డాక్టర్లందరికీ ఆ మాత్ర గురించి చెప్పానా అని ఆలోచించుకుంటే, చెప్పలేదు. తలనొప్పి మాత్రకీ వేళ్లకీ ఏం సంబంధం అనుకున్నాను. అలాగని ఒక్కరోజులో మానేయకూడదని గట్టిగా చెప్పారు. హఠాత్తుగా ఆపితే గుండె దడ, బీపీ పెరగడం లాంటివి వస్తాయట. న్యూరాలజిస్ట్‌తో మాట్లాడి, మూడు వారాల్లో మెల్లగా తగ్గిస్తూ వేరే మందుకి మార్చారు. జలుబు చేసినప్పుడు ముక్కు దిబ్బడకి వేసుకునే కొన్ని మాత్రలు కూడా నాళాల్ని బిగిస్తాయి, అడక్కుండా వేసుకోవద్దన్నారు. సిగరెట్ తాగనని చెప్పాను. కాఫీ సంగతి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

చలికాలానికి మాత్రం నిఫెడిపిన్ రాశారు. నిజానికి బీపీ మందు, రక్తనాళాల్ని వదులు చేస్తుంది. నాకది పడలేదు. మొహం వేడెక్కిపోయి, తలనొప్పి మళ్లీ పట్టుకుంది. దాని బదులు అమ్లోడిపిన్ 2.5 మిల్లీగ్రాములు ఇచ్చారు. సాయంత్రానికి చీలమండలు కాస్త వాస్తాయి, గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, అంతే. మెడికల్ షాపతను "బీపీ ఎప్పట్నుంచి మేడమ్?" అని జాలిగా అడుగుతాడు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేసుకుని, డాక్టర్‌తో చెప్పి ఆపేస్తాను.

మందు కన్నా ఎక్కువ మార్పు తెచ్చిన మాట ఇంకొకటుంది. "చేతులు కాదమ్మా, ముందు ఒళ్లు వెచ్చగా ఉంచుకోండి" అన్నారు ఆవిడ. అప్పటిదాకా నేను చేసింది చేతులకి గ్లౌజులు తొడిగి, పైన పల్చటి చీర కట్టుకోవడం. ఒంట్లో నడిమి భాగం చల్లబడితే శరీరం ముందు కోత పెట్టేది వేళ్లకే. ఇప్పుడు జాకెట్టు మీద ఉన్ని స్వెట్టర్, కాళ్లకి సాక్సులు, స్కూటీ మీద మంకీ టోపీ. చీర మీద మంకీ టోపీతో బ్యాంకులోకి వచ్చే మనిషిని చూసి మొదటి వారం అందరూ నవ్వారు. ఆదిలాబాద్ వాళ్లు మాత్రం నవ్వలేదు, వాళ్లకి ఆ చలి తెలుసు.

వేళ్లు తెల్లబడితే ఏం చేయాలో కూడా తప్పు చేసే నేర్చుకున్నాను. ఒకసారి గీజర్ నీళ్లు వేడిగా వస్తుంటే తెల్లటి వేళ్లు దాని కింద పెట్టేశాను. స్పర్శ లేదు కాబట్టి కాలుతున్నది తెలియలేదు. రంగు తిరిగొచ్చాక చూస్తే రెండు బొబ్బలు. ఇప్పుడు గోరువెచ్చటి నీళ్లే, అదీ మోచేత్తో చూసుకున్నాక. నీళ్లు లేకపోతే చంకల్లో పెట్టుకోవడం, లేదా చెయ్యి మొత్తాన్ని భుజం నుంచి గిరగిరా తిప్పడం. రక్తం వేలికొసలకి తోసుకొస్తుంది. కౌంటర్ వెనక అలా తిప్పుతుంటే ఒక పెద్దాయన "ఎవర్ని కొడతవమ్మా?" అన్నారు.

తడి స్పాంజి డబ్బా మూలకి నెట్టేశాను. లెక్కంతా మిషన్ మీదే, చేత్తో తప్పనిసరైతే చూపుడువేలికి రబ్బరు తొడుగు. శానిటైజర్ బదులు రోజుకి కొన్నిసార్లు గోరువెచ్చటి నీళ్లు, సబ్బు, వెంటనే తుడుచుకుని కొబ్బరినూనె. ఫ్రిజ్‌లోంచి ఏదన్నా తీయాలంటే పొయ్యి దగ్గరి మసిగుడ్డ చేతికి చుట్టుకుంటాను. పెరుగు గిన్నె తీసే పని పాపది. గోటి మొదట్లో చర్మాన్ని కత్తిరించడం, కొరకడం మానేశాను, అక్కడ చిన్న గాయమైనా మానడానికి ఆలస్యం అవుతుంది. వేలికొస మీద పుండు పడినా, నల్లబడినా, ఎంత వెచ్చబెట్టినా తెలుపు పోకపోయినా, ఎప్పుడూ ఒకే వేలికి లేదా ఒకే చేతికి వస్తున్నా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు. ఏడాదికోసారి వెళ్లి ఆ హెయిర్‌పిన్నుల్ని చూపించుకొస్తాను.

పూర్తిగా పోయిందా అంటే, లేదు. వంటింటి క్యాలెండర్‌లో వచ్చిన రోజల్లా ఒక సున్నా చుడుతున్నాను. 2023 జనవరిలో, మాత్ర మారుతున్న రోజుల్లో, 26 సున్నాలు. 2024 జనవరిలో తొమ్మిది. అందులో రెండు ఆడిట్ వచ్చిన రోజులు, వాటికి స్వెట్టర్ ఏం చేస్తుంది!

బ్యాంకులో ఏసీ గాలి నా మీద పడకుండా మా అటెండర్ పాత క్యాలెండర్ అట్ట ఒకటి మడిచి టేపు వేసి అడ్డం పెట్టాడు. పోయిన ఏడాది కొత్త మేనేజర్ గారు వచ్చిన రోజే, చూడ్డానికి బాలేదని దాన్ని తీయించేశారు. నేనేమీ మాట్లాడలేదు. మర్నాడు పదకొండు గంటలకి ఆయన క్యాబిన్‌లోకి వెళ్లి, చేతులు రెండూ బల్ల మీద పెట్టాను. అవి ఆయన చూస్తుండగానే తెలుపు నుంచి నీలానికి తిరుగుతున్నాయి. ఫోన్ తీసే పని కూడా లేకపోయింది. భోజనాల వేళకి అట్ట మళ్లీ ఏసీ మీదకి ఎక్కింది, ఈసారి రెండు టేపులతో.